మార్చి నెలాఖరు ఖర్చుతో పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: నేను అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్‌కు ఏకైక యజమానిని. ఈ ఆర్థిక సంవత్సరం టర్నోవర్ 1 కోటి 60 లక్షల రూపాయల దాకా ఉంటుంది. రాబడి అంతా బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, వేరే ఆదాయం లేదు. మూడేళ్లుగా ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీ కింద రిటర్ను దాఖలు చేస్తున్నాను. మార్చి 31లోగా 8 లక్షలు పెట్టి ఒక యంత్రం కొంటే పన్ను బాగా తగ్గుతుందని తెలిసినవారు చెబుతున్నారు. కొనవచ్చునా?

జవాబు: పనికి అవసరమైతే తప్పక కొనండి. పన్ను కోసమే అయితే ఆ 8 లక్షలు మీ దగ్గరే ఉంచుకోవడం మంచిది. 44ఏడీ పద్ధతిలో లాభాన్ని చట్టమే అంచనా కడుతుంది: బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిపై 6 శాతం, నగదుగా వచ్చినదానిపై 8 శాతం. ఆ ప్రకారం మీ ఆదాయం 9,60,000 రూపాయలు. ముడిసరుకు, జీతాలు, అద్దె, చివరికి యంత్రాల తరుగుదల కూడా ఆ అంచనాలోనే తీసివేసినట్టు చట్టం భావిస్తుంది కాబట్టి, కొత్త యంత్రం పేరిట విడిగా తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు.

అసలు మీకు తగ్గించుకోవలసిన పన్నే లేదు. ప్రత్యేకంగా వద్దనుకుంటే తప్ప ఇప్పుడు కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. అందులో 2025-26 ఆర్థిక సంవత్సరానికి, 12 లక్షల వరకు పన్ను విధించదగిన ఆదాయం ఉన్న నివాసి వ్యక్తులకు సెక్షన్ 87ఏ రిబేటు (పన్ను మాఫీ) వల్ల చెల్లించవలసింది ఏమీ ఉండదు. మీకు సలహా ఇచ్చినవారు ఈ కూడికా తీసివేతా చేసి చూసినట్టు లేదు.

ఇక 44ఏడీని వదిలి, లెక్కల పుస్తకాలు రాసి అసలు లాభాన్నే చూపిద్దామన్న ఆలోచన వస్తే దాని లెక్క కూడా చూడండి. సాధారణ యంత్రాలపై తరుగుదల 15 శాతం. ఆ ఏడాదిలో వాడకం 180 రోజుల కన్నా తక్కువైతే అందులో సగమే లభిస్తుంది, అంటే 8 లక్షలకు 60,000 రూపాయలు. బిల్లు చేతికి వస్తే చాలదు, మార్చి 31లోగా యంత్రం వాడకంలోకి కూడా రావాలి. పైగా ఒకసారి 44ఏడీ ఎంచుకున్నవారు తర్వాతి అయిదేళ్లలో ఎప్పుడైనా దాని నుంచి బయటికి వస్తే, మళ్లీ అయిదేళ్ల దాకా అందులోకి రాలేరు. ఆదాయం ప్రాథమిక మినహాయింపు పరిమితిని దాటితే ఆడిట్ కూడా తప్పదు. లేని పన్నును తగ్గించుకోవడానికి ఆడిట్ ఫీజు కట్టుకోవడం అవుతుంది.

ఒక్క మాట చేర్చాలి. 6 శాతం అన్నది కనీసం మాత్రమే. నిజంగా వచ్చిన లాభం అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువనే చూపాలి. చాలామంది 6 శాతాన్ని గరిష్ఠంగా భావించి రిటర్ను వేస్తున్నారు. రేపు రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు చూసేదీ ఆ రిటర్నునే.

ప్రశ్న: ముగ్గురు భాగస్వాములం విడిభాగాలు తయారుచేసే సంస్థ నడుపుతున్నాం. పుస్తకాలు సక్రమంగా రాస్తున్నాం, ఆడిట్ చేయిస్తున్నాం. అయినా గత ఏడాది నిజంగా పెట్టిన ఖర్చుల్లో కొన్నింటిని ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. ఎక్కడ జాగ్రత్త పడాలి?

జవాబు: మీవంటి సంస్థలకు పన్ను ప్రణాళిక అంటే కొత్త ఖర్చులు వెతకడం కాదు, ఇప్పటికే పెట్టిన ఖర్చు చేజారకుండా చూసుకోవడం. భాగస్వామ్య సంస్థపై పన్ను 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం గనుక, తిరస్కరణకు గురైన ప్రతి లక్ష రూపాయల ఖర్చుకూ 31,200 రూపాయలు అదనంగా కట్టవలసి వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీస్తున్నది 43బీ(హెచ్) నిబంధన. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లోను, ఉన్నప్పుడు అందులోని గడువు ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లోను చెల్లించాలి. గడువు దాటితే ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే తగ్గించుకోనిస్తారు. ఫిబ్రవరి 20న సరుకు తీసుకున్నారనుకోండి. ఒప్పందం లేకపోతే గడువు మార్చి 7తో ముగుస్తుంది. ఆ తేదీ దాటినా మార్చి 31లోగా చెల్లిస్తే ఈ ఏడాది ఖర్చు ఈ ఏడాదిలోనే నిలుస్తుంది, ఏప్రిల్ 3న చెల్లిస్తే మాత్రం వచ్చే ఏడాదికి పోతుంది. అదే 45 రోజుల ఒప్పందం రాసుకుని ఉంటే గడువు ఏప్రిల్ 6 దాకా ఉంటుంది కాబట్టి, ఏప్రిల్ 3న చెల్లించినా ఈ ఏడాది ఖర్చే అవుతుంది. ఒక్క కాగితం చేసే తేడా ఇది. రిటర్ను గడువులోగా కట్టేస్తే చాలునన్న వెసులుబాటు 43బీలోని ఇతర చెల్లింపులకు ఉన్నదే గాని దీనికి లేదు. కనుక సరఫరాదారులందరి ఉద్యమ్ ధ్రువపత్రాలు (ఈ తరహా సంస్థల ప్రభుత్వ నమోదు పత్రాలు) తెప్పించుకుని, వారు సూక్ష్మమా, చిన్నా, మధ్యతరహానా అన్నది ఖాతాలోనే గుర్తు పెట్టుకోండి. మధ్యతరహా సంస్థలకు ఈ నిబంధన వర్తించదు.

రెండోది నగదు. ఒకే వ్యక్తికి ఒకే రోజున 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు మొత్తం పోతుంది. 12,000 ఇస్తే పోయేది పైనున్న 2,000 కాదు, పూర్తి 12,000. రెండు వోచర్లుగా విడగొట్టినా రోజు మొత్తాన్నే లెక్కిస్తారు. సరుకు రవాణా వాహనాల వారికి మాత్రం ఈ పరిమితి 35,000.

భాగస్వాముల జీతం విషయంలో ఒప్పంద పత్రమే ప్రాణం. పనిచేసే భాగస్వాములకు ఎంత ఇవ్వాలో, లేదా ఏ లెక్కన ఇవ్వాలో అందులో ఉండాలి. పుస్తక లాభంలో (భాగస్వాముల జీతాలు తీయకముందు లాభంలో) మొదటి 6 లక్షలపై 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది, మిగతా లాభంపై 60 శాతం వరకు అనుమతిస్తారు. లాభం 10 లక్షలైతే 7,80,000 దాకా తగ్గించుకోవచ్చు. పెట్టుబడిపై వడ్డీకి పరిమితి 12 శాతం. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఒక్కో భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ వంటివి కలిపి ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలన్నది మరవకండి.

ప్రశ్న: నేను చిన్న వ్యాపారుల లెక్కలు చూసే పన్ను సలహాదారుని. ఇంటి బిల్లులు, కారు ఖర్చు, భార్య పేరిట జీతం అన్నీ వ్యాపార ఖర్చుల్లో చూపించమని ఒత్తిడి చేస్తున్నారు. వారికి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: సెక్షన్ 37(1) ప్రకారం ఖర్చు పూర్తిగా, కేవలం వ్యాపారం కోసమే అయి ఉండాలి. ఇంటి బిల్లులకు అందులో చోటు లేదు, దానిపై చర్చ పెంచకండి. కారు సంగతి వేరు. సొంతానికీ వ్యాపారానికీ వాడేదైతే వ్యాపార వాటాను మాత్రం తీసుకోవచ్చు, అయితే ఆ వాటాను చూపే ప్రయాణాల నమోదు పుస్తకం ఉండాలి. భార్య నిజంగా పనిచేస్తూ, ఆ పనికి బయటివారికి ఇచ్చేపాటి జీతమే బ్యాంకు ద్వారా తీసుకుంటుంటే అభ్యంతరం ఉండదు. మితిమీరిన భాగాన్ని మాత్రం 40ఏ(2) కింద అధికారి తొలగిస్తారు.

నిజానికి ఈ ఒత్తిడి ఖాతాదారులను మార్చిలో కలిసే ఆనవాయితీ వల్లనే వస్తోందని నా అభిప్రాయం. అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను) మూడో వాయిదా డిసెంబరు 15. ఆ వారంలోనే పిలిచి కూర్చోబెడితే సరఫరాదారుల ఒప్పందాలు, నగదు చెల్లింపులు, టీడీఎస్ సరిచూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. 44ఏడీ వారికి ఒకే వాయిదా, మార్చి 15. మీ పట్టికలు కూడా తిరగరాసుకోవాలి: 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తూ సెక్షన్ల సంఖ్యలు మారుతున్నాయి. 2025-26 ఆదాయానికి వేసే రిటర్ను మాత్రం 1961 చట్టం ప్రకారమే.