మగ మోడల్‌కి "నడుం కొంచెం తిప్పు బ్రో" అని చెప్పిన రోజు

మీ ప్రశ్న ఏంటంటే, బట్టల యాడ్స్‌లో ఆడవాళ్లని నడుం వంచి తల వాల్చి నిలబెడతారు, మగవాళ్లు మాత్రం స్తంభంలా నిటారుగా ఉంటారు, ఇది శరీరాల్లో తేడా వల్లా లేక కావాలని చేస్తారా అని. మాది సూళ్లూరుపేట, ఎనిమిదేళ్లుగా చెన్నైలో వడపళని దగ్గర ఒక చిన్న స్టూడియోలో కేటలాగ్ ఫోటోలు తీస్తున్నా. అంటే ఆ పని రోజూ చేసేవాడే జవాబు చెప్తున్నాడు అనుకోండి. శరీరం తేడా రూపాయిలో పది పైసలు, మిగతా తొంభై పైసలు నా నోట్లోంచి వచ్చే మాటలే.

మా దగ్గర రోజుకి నలభై యాభై జతలు షూట్ అవుతాయి, ఆలోచించే టైమ్ ఉండదు, నోటికి అలవాటైంది వచ్చేస్తుంది. ఆడ మోడల్ ఫ్లోర్ మీదకి రాగానే "తలైయ కొంజం సాచ్చుకోమా, కొంజం సిరిమా" అంటాను, తల వాల్చమ్మా కొంచెం నవ్వమ్మా అని, తర్వాత బరువంతా ఒక కాలి మీద, రెండో మోకాలు లోపలికి, చెయ్యి జుట్టు దగ్గర, అబ్బే పట్టుకోవద్దు ఊరికే తాకీ తాకనట్టు. మగ మోడల్ వస్తే "నేరా నిల్లు, నేరా పారు", తిన్నగా నిలబడు తిన్నగా చూడు, అంతే. ఇంకా కావాలంటే వాచీ సర్దుకో, కాలర్ పట్టుకో, జేబులో చెయ్యి పెట్టుకో. వాడి చేతికి ఏదో ఒక పని చెప్తాం. ఆమె చేతికి పనుండదు, పైగా ఆ నిలబడే తీరులో పక్కనుంచి ఎవరైనా చిన్నగా తగిలినా పడిపోతుంది. (ఒకసారి ఒకమ్మాయి నిజంగానే తూలి లైట్ స్టాండ్ మీద పడబోయింది, నేను పరిగెత్తి లైట్‌ని పట్టుకున్నా, అమ్మాయిని కాదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.)

ఇదేమీ నేను కనిపెట్టిన విషయం కాదులెండి. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సోషియాలజిస్ట్ 1970ల్లోనే యాడ్ ఫోటోలు వందలకొద్దీ పక్కపక్కన పెట్టి ఇదంతా చూశాడు, 1979లో పుస్తకంగా కూడా వచ్చింది. ఆడవాళ్ల వేళ్లు వస్తువుని గట్టిగా పట్టుకోవు నిమురుతాయి, మోకాలు వంగుతుంది, తల వాలుతుంది, చూపు ఎక్కడో ఉంటుంది అని. డౌటొస్తే అదే ఫోటోలో ఆడా మగా తారుమారు చేసి ఊహించుకోమన్నాడు. 2012లో అమెరికా కామిక్స్ ఫ్యాన్స్ ఊహించుకోవడంతో ఆగలేదు, లేడీ సూపర్ హీరోలకి వేసే నడుం విరిగిపోయే పోజుల్లో హాక్ఐ అనే మగ హీరోని బొమ్మలేసి నెట్‌లో పెట్టారు, చూస్తే పొట్ట చెక్కలవుతుంది.

అది చూశాకే నాకూ పురుగు తొలిచింది. కిందటేడు ఒకరోజు లంచ్ అయ్యాక లైట్లన్నీ సెట్ చేసి ఉన్నాయి, కుర్తీ మోడల్ ఇంకా మేకప్‌లో ఉంది, మదురై కుర్రాడు ఒకడు నీలం షర్టులో ఖాళీగా కూర్చున్నాడు, మంచి జిమ్ బాడీ. లేపి నిలబెట్టి అమ్మాయిలకి చెప్పే మాటలే వరసగా చెప్పా, నడుం కొంచెం తిప్పు బ్రో, మోకాలు లోపలికి బ్రో, వేళ్లు మెడ మీద, పెదాలు కొంచెం తెరువు. మూడో ఫ్రేమ్‌కే లాప్‌టాప్ దగ్గర అందరూ విరగబడి నవ్వుతున్నారు, స్టీమర్ పట్టుకుని బట్టలు సాపు చేసే అన్న అయితే "ఏంటి సార్, వీడికి కడుపు నొప్పా" అన్నాడు. ఆ కుర్రాడు ఐదు నిమిషాలకే పిక్క పట్టేసిందని కూర్చుండిపోయి "వాళ్లు రోజంతా ఇలాగే నిలబడతారా సార్" అని అడిగాడు, ఏం చెప్పను.

తర్వాత కుర్తీ అమ్మాయి వచ్చింది కదా, ఆమెకి మగవాళ్ల మాటలు చెప్పా. కాళ్లు ఎడంగా పెట్టి రెండు చేతులూ కుర్తీ జేబుల్లో పెట్టుకుని తిన్నగా చూసింది. ఎవరూ నవ్వలేదు. బట్ట కూడా మడతల్లేకుండా ఎంత బాగా కనపడిందో, కేటలాగ్‌కి కావాల్సింది అదేగా అసలు. నాకు నచ్చి క్లయింట్‌కి పంపితే, మోడల్ కోపంగా ఉన్నట్టుంది వేరేది పంపండి అని రిప్లై. నేను ఆ ఫోటో ఎన్నిసార్లు జూమ్ చేసి చూశానో, మొహంలో కోపం ఎక్కడా లేదు. నవ్వు లేదు, అంతే.

మా సీనియర్ ఒకాయన మాత్రం ఒప్పుకోడు, త్రిభంగం (ఒళ్లు మూడు చోట్ల వంచి నిలబడే భంగిమ) మన శిల్పశాస్త్రంలోనే ఉందిరా, ఆడది అలా నిలబడితేనే అందం అంటాడు. సరే చూద్దామని ఎగ్మోర్ మ్యూజియంకి పోయా (మన అమరావతి రాళ్లు కూడా అక్కడే ఉన్నాయి, చెన్నైలో ఉండి చూడని తెలుగువాళ్లు ఎంతమందో). కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువెణ్‌కాడు నుంచి వచ్చిన అర్ధనారీశ్వరుడు ఉంటాడు, చోళుల కాలంది. ఒకే ఒంట్లో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు, ఒంపు ఒంటి మొత్తానికీ ఉంది. శివుడి వైపు రెండు చేతులు, అమ్మవారి వైపు ఒకటే చెయ్యి, అక్కడా ఒకటి తగ్గించారు అనుకోండి, అది వేరే గొడవ. చోళుల రాముడు కూడా త్రిభంగంలోనే నిలబడతాడు, విల్లు పట్టుకునే చెయ్యి పైకెత్తి. కృష్ణుడి సంగతి చెప్పక్కర్లేదు. ఒంపు ఆడవాళ్ల సొత్తు అని మన శిల్పులు ఎప్పుడూ అనుకోలేదు, ఆ మాట మా స్టూడియోల్లో పుట్టింది.

ఇంకో రకం తేడా కూడా చూశా. ఒక క్లయింట్‌కి బిడ్డకి పాలిచ్చే తల్లులు వేసుకునే కుర్తీలు తీశాం, పక్కన జిప్ ఉంటుంది, అది చూపించాలి కదా. మోడల్ మీద జిప్ తీసి చూపిస్తే అసభ్యంగా ఉంటుందని బొమ్మకి తొడిగి తీయించారు. అదే వారం అదే క్లయింట్ చీరలకి, బొడ్డు కనపడేలా కట్టు కిందకి దించమన్నాడు. మా వీధి చివర బస్టాప్‌లో మగాడు బనియన్ కూడా లేకుండా సిక్స్ ప్యాక్‌తో ఇరవై అడుగుల పోస్టర్‌లో ఉంటాడు, ఎవరికీ ఏమీ అనిపించదు. 2023 జూన్‌లో కేరళ హైకోర్టు రెహానా ఫాతిమా కేసు (బట్టల్లేని తన ఒంటి పైభాగం మీద పిల్లలచేత బొమ్మ వేయించుకుని వీడియో పెట్టిందని పెట్టిన కేసు) కొట్టేస్తూ సరిగ్గా ఇదే చెప్పింది, పులికళికి (అక్కడి పులివేషాల పండగ), తెయ్యానికి (గుళ్లో వేషం కట్టి చేసే ఆట) మగవాళ్ల ఒంటిమీద రంగులు పూస్తే, సిక్స్ ప్యాక్ చూపిస్తే ఎవరూ బూతు అనరు కదా అని. మగ మోడల్స్‌కి సుఖం అనట్లేదు, చొక్కా విప్పే షూట్ ముందురోజు ఉప్పూ నీళ్లూ మానేసి కళ్లు తిరిగినవాళ్లని చూశా. కానీ ఫోటోలో మాత్రం వాడు కండలున్న మొనగాడిలాగే కనపడతాడు.

చివరికి మా ఇంటి సంగతి. అక్కా బావా ఒకే ఎత్తు, హీల్స్ వేస్తే అక్కే ఎక్కువ. పెళ్లికి ముందు మహాబలిపురంలో ఫోటోలు తీసింది నేనే, "అక్కా మోకాళ్లు కొంచెం వంచు, లంగాలో కనపడదులే" అని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వంచే ఉంచా. రాత్రికి మోకాళ్లకి అమృతాంజనం రాసుకుంది. ఆల్బమ్‌లో బావ రెండంగుళాలు ఎత్తుంటాడు, చుట్టాలంతా జోడీ భలే కుదిరింది అన్నారు.

మొన్న వాళ్ల పాప మొదటి పుట్టినరోజుకి సూళ్లూరుపేట వెళ్లా. కెమెరా తియ్యగానే అక్క హీల్స్‌తో నిటారుగా నిలబడి "ఒరేయ్, నేను వంగేది లేదు, కావాలంటే మీ బావని ఇటుక ఎక్కించుకో" అంది. బావ నవ్వుతూ వెళ్లి నిజంగానే షామియానా గుంజ పక్కనుంచి ఒక ఇటుక పట్టుకొచ్చి దాని మీద నిలబడ్డాడు. ఫోటోలో ఆ ఇటుక కనపడుతుంది, క్రాప్ చెయ్యలేదు.