రిటైరైన ఆటగాళ్లు ఆహార సేవలోకి వస్తే జనానికి ఒరిగేదేమైనా ఉందా?

ఆట మానేసిన క్రీడాకారులు ఆకలి, ఆరోగ్యం అంటూ సేవలోకి వస్తున్నారు కదా, దాంతో నిజంగా ఎవరికైనా మేలు జరుగుతుందా లేక పేరు కోసమేనా అని మీరు అడిగారు. నేను చాలా ఏళ్లు పరుగు పందేల్లో ఉండి, మోకాలు సహకరించక ఆపేసి, ఇప్పుడు మిగిలిపోయిన వంటకాలు సేకరించి పంచే ఒక చిన్న బృందంతో పనిచేస్తున్నాను, కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను. మేలు ఉంది. కానీ అందరూ అనుకునే చోట లేదు.

పేరు మొదటి రోజుకి బాగా పనికొస్తుంది. జనం వస్తారు, వాలంటీర్లు వస్తారు, విరాళాలు కూడా వస్తాయి. కొన్నాళ్లు గడిచాక గిన్నెలు కడగడానికి మనిషి దొరకడు. అప్పుడు బండి నడిపించేది పతకం కాదు, ఒళ్లు బద్ధకించినా వాన పడినా టైమ్‌కి గ్రౌండ్‌లో ఉండే పాత అలవాటు. ఈ పనిలో టైమ్ అంటే మర్యాద కోసం పాటించేది కాదండీ, అదే అసలు పని. వండిన ఆహారం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందుకే వేడిగా పంచేది 60 పైన, చల్లగా పంచేది 5 కింద ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉండిపోతే ఎవరికీ పెట్టకుండా పారేయడమే మేలు. అన్నంతో మరీ జాగ్రత్త, ఎందుకంటే అందులో పెరిగే బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా వదిలే ఒక రకం విషం మళ్లీ ఎంత మరిగించినా పోదు. "వాసన బాగానే ఉంది కదా, పర్లేదు పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి గిన్నె మూత మీద వండిన టైమ్ రాయాలి, థర్మామీటర్ పెట్టి చూడాలి, రిజిస్టర్‌లో ఎక్కించాలి. స్టాప్‌వాచ్ చుట్టూ బతికినవాళ్లకి ఇదేం కొత్త కాదు, మిగతావాళ్లకి మాత్రం మహా విసుగు.

ఆరోగ్యం దగ్గర కూడా టైమే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్‌కి కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లు భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, ఒక్కోసారి స్పృహ తప్పిపోతారు. మన వ్యాన్ లేటైతే అది వాళ్లకి ఆకలి మాత్రమే కాదు, ప్రమాదం కూడా. అందుకే మా దగ్గర లేటవుతుందని తెలిసిన వెంటనే ఫోన్ చేసి చెప్పడం ఒకరి డ్యూటీ.

ఇక చాలామంది ఆటగాళ్లకు నచ్చని మాట ఒకటి. మన డైట్ జనానికి బోధించకూడదు. గట్టి ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 2 గ్రాముల దాకా ప్రోటీన్ అవసరం కావచ్చు, మామూలు ఆరోగ్యవంతుడికి 0.8 గ్రాము దగ్గర సరిపోతుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే డాక్టర్‌ని అడగకుండా పెంచనే కూడదు. ఇవేవీ పట్టించుకోకుండా, రెండు చోట్ల పనిచేసి రాత్రికి ఇల్లు చేరే మనిషిని పట్టుకుని ప్రోటీన్ పౌడర్ గురించి ఉపన్యాసం ఇచ్చే మాజీ ఆటగాళ్లను నేను చూశాను. ముందు ఆ మనిషికి ఇంట్లో పొయ్యి ఉందా, ఫ్రిజ్ ఉందా, వండే ఓపిక ఉందా అని అడగాలి. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను మనం పంచే కూరలోనే పాటిస్తే పది ఉపన్యాసాల పెట్టు.

అయితే ఆటగాడి ఒళ్లు ఒక చోట బాగా పనికొస్తుంది. ట్రైనింగ్ ఆగినా ఆకలి మాత్రం ఆగదు, మాలో చాలామందికి బరువు పెరుగుతుంది, బీపీ వస్తుంది. మా భోజనాల దగ్గర బీపీ చూసే టేబుల్ పెడితే మొదట్లో ఎవరూ దగ్గరికి రాలేదు. నేను అందరికంటే ముందు కూర్చుని, 140 దాటిన నా రీడింగ్ గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాక లైన్ కట్టారు. పరిగెత్తినవాడికే బీపీ ఉంటే మనకుంటే సిగ్గేంటి అన్నాడొక పెద్దాయన. (ఆయనకి నాకంటే ఎక్కువే ఉంది, ఇప్పుడు మందులు వాడుతున్నారు.)

ప్రచారం చేయడం కూడా తక్కువ పనేం కాదు, ఏం అడగాలో తెలిస్తే. ఫుట్‌బాలర్ మార్కస్ రాష్‌ఫోర్డ్ రిటైరవలేదు కానీ ఇక్కడ ఆయన్నే చెప్పుకోవాలి. 2020 జూన్‌లో బ్రిటన్ ఎంపీలకు లేఖ రాసి, చిన్నప్పుడు తాను బడిలో ఉచిత భోజనం తిని పెరిగానని చెప్పి, వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు భోజన వోచర్లు కొనసాగించమని అడిగాడు. ముందు కుదరదన్న ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ఇంగ్లండ్‌లో దాదాపు 13 లక్షల మంది పిల్లలకు అవి అందాయి. "ఆకలి లేని సమాజం" లాంటి పెద్ద మాటలు కాకుండా ఒకే ఒక్క స్పష్టమైన కోరిక పెట్టాడు, నా లెక్కలో గెలిపించింది అదే.

ఇంకోవైపు అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ ఆలెన్ ఉన్నాడు. ఆట, ఆ తర్వాత ఉద్యోగం అయ్యాక 1993లో మిల్వాకీలో పొలం కొని, తాజా కూరగాయలు దొరకని పేటల కోసం గ్రోయింగ్ పవర్ అనే సంస్థను పెంచాడు. 2008లో, అమెరికాలో అసాధారణ ప్రతిభ చూపినవాళ్లకి ఇచ్చే మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది. అంత పేరున్న సంస్థ 2017లో అప్పుల మధ్య మూతపడింది. ఆయన పని గొప్పదే, ఎంతోమంది ఆ దారి నేర్చుకున్నారు. కానీ ఒక మనిషి చుట్టూ తిరిగే సంస్థలో డబ్బు లెక్కలు ఆ మనిషికి ఎదురు చెప్పగలిగేవాళ్ల చేతిలో ఉండాలి అని నేను అనుకోవడానికి ఇలాంటివే కారణం.

మీకు తెలిసిన ఆటగాళ్లెవరైనా ఇందులోకి రావాలనుకుంటే వెంటనే సొంత సంస్థ పెట్టొద్దని చెప్పండి. ఇప్పటికే నడుస్తున్న వంటగదికి వెళ్లి, సోమవారం పొద్దున్నే గిన్నెలు కడిగే షిఫ్ట్ అడగమనండి. ఆదివారానికి ఎలాగూ మనుషులుంటారు.