టెక్ సందేహాలు: 1:43 అని కొడితే టైమ్ అయిపోతోంది!

ప్రశ్న: డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాను. ఒకప్పుడు ఇక్కడ తయారైన ప్యాకర్డ్ కార్ల స్కేల్ మోడళ్లు సేకరిస్తుంటాను. గూగుల్ షీట్స్‌లో జాబితా రాస్తుంటే, స్కేల్ (అసలు కారులో మోడల్ ఎన్నో వంతో చెప్పే అంకె) గడిలో 1:43 అని కొట్టగానే టైమ్‌గా, 1/24 అంటే తేదీగా మారిపోతోంది. వేరే యాప్ ఏదైనా ఉందా సార్?
– ఓ పాఠకుడు, మిషిగాన్

జవాబు: యాప్ అక్కర్లేదండీ. షీట్స్ లెక్కలో 1:43 అంటే ఒంటిగంటా నలభై మూడు నిమిషాలు, 1/24 అంటే జనవరి 24. స్కేల్ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో నంబర్, అందులో ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకోండి. ఆ తర్వాతే అంకెలు కొట్టండి. ఇప్పటికే మారిపోయినవాటిని మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే. ఒకటి రెండు గడులైతే ముందు సింగిల్ కోట్ పెట్టి '1:43 అని కొట్టినా చాలు. ఎక్సెల్‌లోనూ ఇదే తంతు.

మీకు అసలు తలనొప్పి ఇంకో కాలమ్‌లో వస్తుంది. ప్యాకర్డ్‌వాళ్లు చాలాకాలం మోడళ్లను ఏడాదితో కాకుండా సిరీస్ నంబరుతో పిలిచారు. 1934 కార్లు పదకొండో సిరీస్, 1935వి పన్నెండు, 1936వి ఏకంగా పద్నాలుగు. పదమూడు అచ్చిరాదనో ఏమో, వదిలేశారు! సిరీస్‌కు ఇన్ని కలిపితే ఏడాది వస్తుందని ఫార్ములా రాశారో, అక్కడ్నుంచి అంతా తప్పే. రెండింటికీ రెండు కాలమ్‌లు పెట్టి చేత్తో నింపండి.

తయారైన ఊరికీ ఒకటి పెట్టండి. డెట్రాయిట్‌లో ప్యాకర్డ్ తయారీ 1956లో ఆగిపోయింది. 1957, 1958 కార్లకు పేరు ప్యాకర్డే గానీ, అవి ఇండియానాలోని సౌత్ బెండ్‌లో, స్టూడ్‌బేకర్ అనే కంపెనీ కార్ల మీద కట్టినవి. ఫిల్టర్ కొడితే విడిగా వచ్చేస్తాయి. నన్నడిగితే అలమరాలో కూడా వాటికి వేరే అర ఉండాల్సిందే!

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ప్యాకర్డ్ కరేబియన్ అనే కారు స్కేల్ మోడల్ ఒకటి అమ్మకానికి ఉంది. స్కేల్ రాయలేదు. గూగుల్ లెన్స్ ఒకసారి 1953 అంటోంది, ఇంకోసారి 1955 అంటోంది.

జవాబు: లెన్స్ పోలికలు వెతుకుతుందే తప్ప కొలవదు. ఒంటి మీద మూడు రంగులుంటే 1955 వైపు మొగ్గండి. స్కేల్ తేలాలంటే మాత్రం ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఎన్ని మిల్లీమీటర్లో అమ్మేవాళ్లను అడగాలి. 1953 అసలు కారుకు ఇది 122 అంగుళాలు, అంటే సుమారు 3,099 మి.మీ. దాన్ని 43తో భాగిస్తే 72, 24తో అయితే 129, 18తో 172. 1955 కారుకు 127 అంగుళాలు కాబట్టి 1:43లో 75 వస్తుంది. ఆ 3 మి.మీ. తేడా పట్టుకుని ఏడాది తేల్చేయకండి, చిన్న మోడళ్లలో అంతమాత్రం అటూఇటూ ఉండొచ్చు. కొలత చెప్పడానికే నసిగేవాళ్ల దగ్గర కొనకపోవడం మేలు.

ప్రశ్న: ఫోన్‌తో ఎలా తీసినా మోడల్ కారు బొమ్మలాగే కనిపిస్తోంది.

జవాబు: మరీ దగ్గరికెళ్లి తీస్తున్నట్టున్నారు. అందుకే బానెట్ ఉబ్బి, వెనక భాగం కుంచించుకుపోతుంది. వెనక్కి జరిగి జూమ్ 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టండి. ఫోన్‌ను బల్ల ఎత్తుకు దించండి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. దగ్గరికి రాగానే కెమెరా తనంతట తానే మాక్రోకు (బాగా దగ్గరి వస్తువులు తీసే మోడ్‌కు) మారిపోతుంటే ఆ సెట్టింగ్ ఆపేయండి.