పూర్తి పేరు పెట్టి పిలిచే మా లెక్కల మాస్టారు

"దైవభక్తి బాగా ఉన్న టీచర్ దగ్గర మీరు చదువుకున్నారా? ఆ భక్తి ఆయన పాఠం చెప్పే తీరులో కనిపించేదా?" అన్నది ప్రశ్న.

చదువుకున్నాను. మా లెక్కల మాస్టారు పోయి రెండేళ్ళు దాటింది. ఆయన గురించి ఎక్కడో ఒకచోట రాయాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఈ ప్రశ్న చూశాక ఇక ఆగలేకపోయాను. ఆయన భక్తి కనిపించేది. పాఠంలో కంటే హాజరు పిలవడంలో ఎక్కువ కనిపించేది.

మాది కోనసీమ. ముమ్మిడివరం దాటాక సముద్రం వైపు ఉంటుంది మా ఊరు. 1993 నుంచి 1998 దాకా అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. ఎనిమిదో తరగతి నుంచి పది దాకా మాస్టారే మాకు లెక్కలు చెప్పారు, క్లాస్ టీచర్ కూడా ఆయనే. తెల్ల పంచె, మోచేతుల దాకా చొక్కా, నుదుట సన్నగా ఎర్రటి నిలువు బొట్టు, పాత సైకిలు. ఇంట్లో ఆరాధన చేసుకోకుండా పచ్చి మంచినీళ్ళు కూడా తాగరని ఊళ్ళో అనుకునేవారు. క్లాసులో మాత్రం దేవుడి పటం ఒక్కటి కూడా పెట్టలేదు. బోర్డు మీద ఒక మూల తేదీ, దాని పక్కన తిథి, కింద హాజరు ఎంతమందో రాసేవారు. అంతే.

మా క్లాసులో 46 మందిమి. మా వైపు అన్నవరం దేవుడి పేరు లేని ఇల్లు దాదాపు ఉండదు. అక్కడి స్వామి పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ స్వామి. చివర ఆ 'స్వామి' ఒక్కటి తీసేస్తే నా పేరు. మా క్లాసులోనే సత్యనారాయణలం ముగ్గురం. మిగతా మాస్టర్లు నంబర్లు పిలిచి కానిచ్చేవారు. ఇంట్లో నేను పండుని, వీధిలో సత్తిగాణ్ణి. రిజిస్టర్లో ఉన్న నా పేరంతా, ఇంటిపేరుతో సహా, నోరారా పలికిన మొదటి మనిషి మా మాస్టారే. ఒక్కో పేరూ పిలిచి, తలెత్తి, ఆ పిల్లాడి మొహం చూసి, "ఉన్నానండీ" అన్నాకే టిక్కు పెట్టేవారు. 45 నిమిషాల పీరియడ్‌లో ఆరేడు నిమిషాలు దీనికే పోయేవి.

ఒకసారి ఒక అమ్మాయి ధైర్యం చేసి అడిగేసింది. "నంబర్లు పిలిస్తే తొందరగా అయిపోద్ది కదండీ మాస్టారూ" అని. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి అజామిళుడి కథ చెప్పారు. అజామిళుడు బతికినంత కాలం చెయ్యకూడని పనులన్నీ చేశాడు. ప్రాణం పోయేటప్పుడు యమభటుల్ని చూసి భయపడి, ఆడుకుంటున్న చిన్న కొడుకుని "నారాయణా" అని పిలిచాడు. పిలిచింది కొడుకునే. అయినా విష్ణుదూతలు వచ్చి అడ్డం పడ్డారు. "కొడుకుని పిలిస్తేనే అంత పుణ్యం వచ్చిందమ్మా. నేను రోజూ పొద్దున్నే 46 మందిని పిలుస్తున్నాను. సగం సగం పిలిచి దాన్నెందుకు పోగొట్టుకోవాలి?" అన్నారు.

వెనక బెంచీ నుంచి ఎవరో "మరి రహీం గాడో అండీ" అన్నారు. వాడి పూర్తి పేరు అబ్దుల్ రహీం. మాస్టారికి కోపం రాలేదు. "అబ్దుల్ అంటే దాసుడు. రహీం అంటే దయ గలవాడు. దయగల దేవుడికి దాసుడురా వాడు. ఇంతకంటే మంచి పేరు మీ బెంచీలో ఎవరికుంది?" అన్నారు. అమలాపురంలో ఎవరో ఉర్దూ తెలిసిన ఆయన్ని అడిగి ఆ అర్థం కనుక్కున్నారని తర్వాత తెలిసింది. ఒక పిల్లవాడి పేరుకి అర్థం తెలుసుకోవడానికి మరో టీచరెవరూ అంత దూరం వెళ్ళి అడగడం నేను చూడలేదు.

మా క్లాసులో పెంటమ్మ అనే అమ్మాయి ఉండేది. ఎనిమిదిలో చేరిన మొదటి రోజు ఆ పేరు పిలవగానే క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి తల బల్ల మీద పెట్టేసుకుంది. మాస్టారు రిజిస్టర్ మూసేశారు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ తీసుకుని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టుకోవడం మన పల్లెల్లో పాత ఆచారం. అది మాకు వివరంగా చెప్పి, "ఇది తల్లి మొక్కుకుని పెట్టుకున్న పేరు. మీ పేర్లు మీ నాన్నలకి నచ్చి పెట్టినవి. ఈ పేరు ఒక తల్లి ఏడ్చి ఏడ్చి పెట్టుకుంది" అన్నారు. మళ్ళీ రిజిస్టర్ తెరిచి మొదటి పేరు నుంచి పిలిచారు. ఈసారి ఆమె వంతు వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత మూడేళ్ళలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

పాఠం గురించి కూడా కొంచెం చెప్పాలి. రేఖాగణితం ఆయన దగ్గర విన్నవాళ్ళెవరూ మరచిపోలేరు. దత్తాంశం (లెక్కలో ఇచ్చింది), సారాంశం (నిరూపించాల్సింది), నిర్మాణం, ఉపపత్తి (రుజువు) అని నాలుగూ విడివిడిగా రాయించేవారు. త్రిభుజం ఎప్పుడు గీసినా కావాలనే వంకరగా, మూడు భుజాలూ మూడు రకాలుగా గీసేవారు. అందంగా గీస్తే, చూడగానే రెండు భుజాలు సమానమని మనం అనేసుకుంటామట. "బొమ్మని నమ్మకండ్రా, దత్తాంశం చూడండి. ఇచ్చింది ఏంటో ముందు చూసుకోండి" అని రోజుకి పదిసార్లయినా అనేవారు. మా ఇంట్లో డబ్బుకి బాగా ఇబ్బందిగా ఉన్న రోజుల్లో ఆ మాట లెక్కల బయట కూడా నాకు పనికొచ్చింది.

ఆయన కొట్టేవారు కూడా. అప్పట్లో కొట్టని మాస్టరు లేడు. ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల్లో నా పేపర్లోనూ నా ముందువాడి పేపర్లోనూ ఒకే లెక్క ఒకేలా తప్పు వచ్చింది. నేను కాపీ కొట్టానని చెంప మీద ఒక్కటి వేసి, "కూర్చోరా వెధవా" అన్నారు. నిజానికి వాడే నా పేపరు చూశాడు. నేను చెప్పలేదు. చెప్పినా నమ్మరనుకున్నాను. మర్నాడు పొద్దున్న మాస్టారు వచ్చి రిజిస్టర్ తెరవకుండా నిలబడ్డారు. రాత్రి రెండు పేపర్లూ మళ్ళీ చూశారట. నా పేపర్లో మార్జిన్ పక్కన చిత్తు పని ఉంది, వాడి దాంట్లో నేరుగా జవాబు ఉంది. "తప్పు నాది. కొట్టడం ఒక తప్పు. పేరు పెట్టి పిలవకపోవడం ఇంకో తప్పు" అని, నా పేరంతా పిలిచి, నన్ను లేచి నిలబడమన్నారు. నా దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టారు. ఆ చేతి సుద్దపొడి నా జుట్టుకి అంటింది. ఆ రోజంతా నేను దాన్ని దులుపుకోలేదు.

తర్వాతి ఏడాది తుఫాను వచ్చింది. 1996 నవంబర్ 6, బుధవారం. దీపావళికి నాలుగు రోజుల ముందు. కోనసీమలో ఆ రాత్రిని చూసినవాళ్ళకి తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. చీకటి పడ్డాక గాలి పెరిగి, కొబ్బరి చెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఇళ్ళ మీద కూలుతుంటే ఆ చప్పుడుకి మా నాయనమ్మ చెవులు మూసుకుని మంచం కింద కూర్చుంది. మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారు. లక్షల కొద్దీ కొబ్బరి చెట్లు పడిపోయాయి. వేటకి వెళ్ళిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు.

మా ఊళ్ళో పాకలన్నీ లేచిపోయాయి. స్కూలు డాబా కాబట్టి నిలబడింది. సాయంత్రమే మాస్టారు తాళాలు తీయించి పేటవాళ్ళనీ పల్లెవాళ్ళనీ లోపలికి పంపించారట. రోడ్ల మీద చెట్లు నరికి దారి చెయ్యడానికే రోజులు పట్టింది, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. స్కూలు మళ్ళీ మొదలయ్యే ప్రశ్నే లేదు. మూడో రోజు పొద్దున్న మా ఇంటి ముందు, పడిపోయిన చెట్టు దాటుకుంటూ, మోకాళ్ళ దాకా బురదతో మాస్టారు కనిపించారు. చేతిలో యూరియా సంచీ. అందులోంచి హాజరు రిజిస్టర్ తీశారు. గాలి మొదలవగానే రిజిస్టర్లన్నీ సంచుల్లో కట్టి అటక మీద పెట్టించారట.

వాకిట్లో నిలబడి నా పేరు పిలిచారు. మొత్తం పేరు.

"ఉన్నానండీ" అన్నాను. టిక్కు పెట్టారు. మా అమ్మ ఎందుకో ఆ టిక్కు చూసి ఏడ్చేసింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. "ఇంకా 31 మంది ఉన్నారమ్మా" అని వెళ్ళిపోయారు. అలా రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగారు.

46లో 45 టిక్కులు పడ్డాయి. ఒక్కడు మాత్రం వాళ్ళ నాన్నతో వేటకి వెళ్ళాడు. వాడి పేరు ఇక్కడ రాయను. స్కూలు తెరిచాక హాజరు పిలుస్తుంటే వాడి పేరు దగ్గరికి రాగానే మాస్టారు ఎప్పటిలాగే పిలిచి, ఎప్పటిలాగే తలెత్తి వాడు కూర్చునే చోటు చూసి, తర్వాత పేరుకి వెళ్ళేవారు. ఇన్ని రోజులు రానివాడి పేరు తీసెయ్యాలని, రికార్డు సరిగ్గా ఉండాలని పెద్దవాళ్ళు చెప్పారు. "వాళ్ళమ్మ ఇంకా ఎదురు చూస్తోందండీ. ఆవిడ వచ్చి చెప్పినప్పుడు తీసేద్దాం" అన్నారు ఆయన. సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు ఆవిడ వచ్చింది. వరండాలో మాస్టారితో ఏదో మాట్లాడింది. మర్నాడు ఆ పేరు పిలవలేదు. ఆ చోట మాత్రం సంవత్సరం చివరి దాకా మేమెవరం కూర్చోలేదు.

పదో తరగతిలో ధనుర్మాసం గుర్తొస్తే ఇప్పటికీ ఒంటికి చలేస్తుంది. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మాస్టారు రామాలయంలో ఉండేవారు. రోజుకో పాశురం చొప్పున తిరుప్పావై, తర్వాత నైవేద్యం. ఆరు గంటలకి స్కూలు వరండాలో పది వాళ్ళందరికీ ఉచితంగా ట్యూషన్. గుళ్ళో పొంగలి వేడివేడిగా అరిటాకు ముక్కల్లో పెట్టించి తెచ్చేవారు. మాలో మూడోవంతు మంది చర్చికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు. వాళ్ళు ప్రసాదం తినరు. మొదటి రోజు వాళ్ళు ఆకులు ముట్టుకోకుండా పక్కకి జరిగి కూర్చోవడం మాస్టారు చూశారు, ఏమీ అనలేదు. రెండో రోజు నుంచి ఒక చేతిలో పొంగలి గిన్నె, ఇంకో చేతిలో ఇడ్లీ పొట్లం. "ఇది హోటల్ది రా, నైవేద్యం కాదు. నిశ్చింతగా తినండి. ఆకలితో త్రికోణమితి ఎక్కదు" అన్నారు. ఆ నెల రోజులూ ఇడ్లీల డబ్బు ఆయన జేబులోదే.

ఇవన్నీ చెప్పింది ఎందుకంటే, భక్తి ఉన్న టీచర్ అనగానే కొందరు పిల్లల చేత శ్లోకాలు పట్టించే మనిషినో, పద్ధతుల పేరుతో సాధించే మనిషినో ఊహించుకుంటారు. అలాంటివాళ్ళూ ఉండొచ్చు. మా మాస్టారు మాకు ఒక్క శ్లోకం కూడా నేర్పలేదు. పరీక్షల ముందు మాత్రం ఐనవిల్లి వెళ్ళి వినాయకుడి దగ్గర పెన్నులు పెట్టించి తెచ్చారు. కావాలన్నవాళ్ళకి ఆ పెన్ను, వద్దన్నవాళ్ళకి కొట్లో కొన్న అదే రకం పెన్ను. లెక్కలు పేపర్-1 రోజు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి లోపలికి పంపారు.

2004లో రిటైరయ్యారు. నేను చదువు, ఉద్యోగం అంటూ హైదరాబాద్ వచ్చేశాను. ఆఫీసులో నన్ను అందరూ 'సత్య' అంటారు. జీతం స్లిప్పులో నా పేరు మూడు పొడి అక్షరాలు, ఒక ముక్క. పండక్కి ఊరు వెళ్ళినప్పుడల్లా మాస్టారి ఇంటికి వెళ్ళి నా పేరు పిలిపించుకుని వచ్చేవాణ్ణి. మా ఆవిడ మొదట్లో ఆశ్చర్యపోయింది. ఒకసారి తనూ నాతో వచ్చింది, ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

చివరిసారి చూసింది పోయే ముందు సంక్రాంతికి. అప్పటికి చూపు బాగా తగ్గింది. పడక్కుర్చీలో, ఒళ్ళో తువ్వాలు వేసుకుని ఉన్నారు. నా గొంతు పోల్చుకుని పేరు పిలిచారు, ఒక్క అక్షరం పోకుండా. మా పాపని ముందుకి తోశాను. అప్పుడు దానికి ఆరేళ్ళు.

"నీ పేరేంటమ్మా?"

"చిన్ను."

"అది ఇంట్లో పేరు కదా తల్లీ. నీ పేరు?"

పాప నా వైపు చూసింది. చెప్పమన్నాను. సిగ్గుపడుతూ ఇంటిపేరు దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. మాస్టారు కుర్చీ పిడి పట్టుకుని కొంచెం ముందుకి వంగి, చూపు ఆనకపోయినా దాని మొహం ఉన్న వైపు తలెత్తి, ఆ పేరంతా నెమ్మదిగా పిలిచారు.

"ఉన్నానండీ" అనమని దాని చెవిలో చెప్పాను. అంది.