పక్కింటామె నగదు మీ ఖాతాలో వేయవచ్చా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. మావారిది హెచ్‌1బీ. పక్కింట్లో ఉండే మెక్సికో ఆవిడ సరిహద్దు దాటి వచ్చి 18 ఏళ్లయింది, కాగితాలు లేవు. పట్టుకుపోతారన్న భయంతో, ఇళ్లు శుభ్రం చేసి కూడబెట్టిన 11,000 డాలర్ల నగదు మా ఖాతాలో ఉంచమంటోంది. నాలుగైదు విడతల్లో వేస్తే ఇబ్బంది లేదు కదా? ఇక్కడే పుట్టిన కూతురికి 18 నిండబోతున్నాయి. ఆ అమ్మాయి ద్వారా కాగితాలు రావా?

జవాబు: వేయకండి. ముఖ్యంగా ఆ విడతల ఆలోచన ఇప్పుడే మానుకోండి. నగదు జమ 10,000 డాలర్లు దాటితే బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్టు పంపుతుంది. అది మామూలే. ఆ రిపోర్టు తప్పించుకోవడానికి సొమ్మును విడగొట్టి వేయడం మాత్రం నేరం, అది ఎంత కష్టార్జితమైనా సరే. వీసా మీద బతికే ఇంటికి ఆ తలనొప్పి ఎందుకు?

దేశం నుంచి పంపేసినా బ్యాంకులో ఉన్న సొమ్ము ఆమెదే. ఆ గడబిడలో దాన్ని తీసి అద్దె కట్టేదెవరన్నదే చిక్కు. మెక్సికో కాన్సులేట్ ఇచ్చే గుర్తింపు కార్డు, మత్రీకులాతో ఖాతా తెరిచే బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు చాలా ఉన్నాయి. 18 నిండగానే కూతురిని జాయింటుగా చేర్చాలి. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. అమ్మాయి మొత్తం ఊడ్చేసినా బ్యాంకు అడగదు, అంత నమ్మకం ఉంటేనే సుమా. పన్ను నంబరు ఐటిన్ ఇంకా లేకపోతే, దరఖాస్తుకు ముందు లాయరును అడగాలి. పన్నుల శాఖ 2025 ఏప్రిల్‌లో వలసల శాఖతో సమాచార ఒప్పందం చేసుకుంది.

తాందాలో ఎంత కట్టిందో కూడా అడగండి. మన చిట్టీ లాంటిదే, కాకపోతే పాట ఉండదు, వరుసగా వంతు వస్తుంది. అంతా నోటిమాటే. తను లేకపోతే వంతు డబ్బు కూతురికి ఇవ్వాలని, నడిపే ఆవిడకు నలుగురి ఎదుట ఇప్పుడే చెప్పి ఉంచాలి.

ఆవిడ మెక్సికోలోని తల్లికి నెలనెలా 300 డాలర్లు నగదుగా పంపుతుంటే, 2026 జనవరి 1 నుంచి దాని మీద ఒక శాతం పన్ను, అంటే 3 డాలర్లు. బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఆ పన్ను లేదు.

ఇక కాగితాలు. కూతురు 21 నిండాక తల్లికోసం దరఖాస్తు పెట్టవచ్చు. కానీ తనిఖీ లేకుండా సరిహద్దు దాటినవారు సాధారణంగా వీసా కోసం స్వదేశానికి వెళ్లాలి. ఏడాదికి మించి అనుమతి లేకుండా ఉన్నవారు ఒకసారి బయటికి వెళితే, 1996 చట్టం ప్రకారం 10 ఏళ్లు తిరిగి రాలేరు. మినహాయింపు అడగాలంటే, పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న భర్త లేదా తల్లిదండ్రులకు తీవ్ర కష్టం కలుగుతుందని చూపాలి. పిల్లల కష్టాన్ని అందుకు లెక్కలోకి తీసుకోరు. ఎంత విడ్డూరమో చూడండి!

‘నోటారియో’ బోర్డు చూసి మాత్రం డబ్బు కట్టవద్దనండి. మెక్సికోలో నోటారియో అంటే పేరున్న లాయరు. టెక్సాస్‌లో నోటరీ సంతకానికి సాక్షి, అంతే. ఆ 11,000లోంచి ముందు అసలైన ఇమ్మిగ్రేషన్ లాయరు ఫీజు పక్కన పెట్టమనండి.