నైట్రిక్ ఆక్సైడ్ పొడితో పేగుపూత మానుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్లు, భీమవరం దగ్గర రొయ్యల చెరువుల పని చూసుకుంటాడు. రెండేళ్ల కిందట అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే పేగుపూత జబ్బు) అని తేలినప్పటి నుంచి మెసలమైన్ బిళ్లలు వాడుతున్నాడు. ఆర్జినైన్, గ్లుటమైన్ పొడులు తాగితే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి పేగులో పుండ్లు మానిపోతాయని జిమ్‌లో ఎవరో చెప్పారట. బిళ్లలు మానేసి అవే వాడతానంటున్నాడు. వాడవచ్చా?
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ తమ్ముడిని ఎట్టి పరిస్థితిలోనూ బిళ్లలు మాననివ్వకండి. బాధ తగ్గినట్లు కనిపించే రోజుల్లో జబ్బు తిరగబెట్టకుండా కాస్తున్నవి అవే.

నైట్రిక్ ఆక్సైడ్ అనేది ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తులకు ఇటుకలాంటిది) నుంచి మన శరీరమే తయారుచేసుకునే వాయువు. రక్తనాళాలను సడలించడంలో దాని పాత్రను కనుగొన్నందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. అయితే దానిని తయారుచేసే ఎంజైములు మూడు రకాలు. రెండు అవసరమైనంత మేరకు కొద్దికొద్దిగా చేస్తాయి; మూడవది వాపు వచ్చినప్పుడు మేల్కొని విపరీతంగా ఉత్పత్తి చేస్తుంది. కొలైటిస్ రగిలినప్పుడు పెద్దపేగు లోపలి పొరలో విజృంభించేది ఈ మూడవదే కనుక, అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ అప్పటికే మామూలు కన్నా అనేక రెట్లు ఉంటుంది. చేనుకు కాలువ నీరు ప్రాణమే అయినా, గట్టు తెగి మునిగిన చేనుకు ఇంకా నీరు వదలమని మన డెల్టా రైతు ఎవరూ అడగడు.

ఆర్జినైన్ ఇచ్చిన ఎలుకలలో పెద్దపేగు వాపు తగ్గిన ప్రయోగాలు ఉన్నమాట నిజమే. కానీ మనుషులలో కొలైటిస్‌కు అది మందుగా రుజువు కాలేదు. మరో అమైనో ఆమ్లమైన గ్లుటమైన్ పేగు కణాలకు ముఖ్యమైన ఇంధనమే. అయినా పేగులు వాచే ఇలాంటి మరో జబ్బు, క్రోన్స్ వ్యాధి ఉన్నవారికి దానిని ఇచ్చి చూసిన పరీక్షలలో ఆశించిన మేలు కనబడలేదు.

పైగా ఆర్జినైన్ మోతాదు పెరిగితే విరేచనాలు అవుతాయి. అవి పొడి వల్లనా, జబ్బు వల్లనా అన్నది మీకూ, చూసే వైద్యునికీ తేలదు. రక్తపోటు కూడా తగ్గవచ్చు. గుండెపోటు వచ్చినవారికి ఆర్జినైన్ ఇచ్చిన ఒక అమెరికా పరీక్షను, అది తీసుకున్నవారిలోనే మరణాలు సంభవించడంతో మధ్యలో ఆపేశారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

చేపలు, గుడ్లు, కందిపప్పు, పెరుగు, వీటిలో ఒంటికి సరిపడేవి తిననివ్వండి. ఈ అమైనో ఆమ్లాలు వాటిలోనే ఉన్నాయి. లోపల వాపు ఏ మేరకు ఉందో తెలుసుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష గురించి మీ వైద్యుణ్ణి అడగండి. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి రక్తంతో విరేచనాలై, జ్వరం కానీ గుండెదడ కానీ తోడైతే మాత్రం అదే రోజు ఆసుపత్రిలో చేర్పించండి.