సర్వర్‌ను రిజిస్టర్ చేసే ముందు, చేశాక: కర్నూలులో ఉన్న మా తమ్ముడి కూతురికి

కడప

అమ్మాయ్,

ఆశీస్సులు. ఫోన్లో నువ్వు చదివి వినిపించిన ఆ లైను నాకు బాగా తెలిసిందే. మీ సర్వర్‌లో నడిచేది రెడ్‌హ్యాట్ కంపెనీ ఇచ్చే లినక్స్. దాన్ని సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ అనే టూల్‌తో ఆ కంపెనీ దగ్గర మన అకౌంటు మీద నమోదు చేస్తేనే అప్‌డేట్లు వస్తాయి. అప్‌డేట్ కమాండ్ కొట్టగానే, ఈ సిస్టం రిజిస్టర్ కాలేదు, సబ్‌స్క్రిప్షన్ మేనేజర్‌తో రిజిస్టర్ చేసుకోండి అని చెప్పి ఆగిపోతుంది. మీ కాలేజీ మార్కులు, ఫీజుల లెక్కలు అన్నీ ఆ సర్వర్‌లోనే ఉన్నాయన్నావు. పాతాయన ఉద్యోగం మానేసినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదని కూడా అన్నావు. ఇది ఫోన్లో చెప్పి వదిలేసే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నా. పక్కన పెట్టుకుని పని చేసుకో.

"బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడు దాన్ని కదిలించడం ఎందుకు?" అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకు 2017 సంగతి చెప్పు. ఆ ఏడాది మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది. రెండు నెలలు చేతిలో ఉన్నా వేసుకోనివాళ్లు వేసుకోలేదు. మాది లినక్స్ కదా అనే ధీమా కూడా వద్దు. లినక్స్‌లోనూ లోపాలు బయటపడుతూనే ఉంటాయి, వాటికి మందు వస్తూనే ఉంటుంది. అది మన సర్వర్ దాకా రావాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి.

ముందు ఆ సిస్టంలో ఏ వెర్షన్ ఉందో చూడు. ఈటీసీ ఫోల్డర్‌లో రెడ్‌హ్యాట్ రిలీజ్ అనే చిన్న ఫైలు ఉంటుంది, అందులో ఒకటే లైను. అది 7 అయితే రిజిస్టర్ చేసినా పెద్దగా ఉపయోగం లేదు. దానికి మామూలు అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి, కొత్త వెర్షన్‌కు మారడం గురించి ఆలోచించాల్సిందే. 8 అయితే 2029 మే దాకా, 9 అయితే 2032 మే దాకా ఢోకా లేదు. మీ ల్యాబులో ఉన్న మిగతా సర్వర్లు కూడా చూడు. రాకీ, ఆల్మా అనే ఉచిత లినక్స్‌లు ఉంటే వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అప్‌డేట్లు వాటంతట అవే దొరుకుతాయి. సెంటోస్ 7 అనే పాత ఉచిత లినక్స్ ఎక్కడైనా మిగిలి ఉంటే దాని గడువు కూడా అదే జూన్ 30తో తీరింది. అది వేరే పని, తర్వాత మాట్లాడుకుందాం.

ఇక అసలు సంగతి, అకౌంటు. కమాండ్ కొట్టడం నిమిషం పని. అది ఎవరి పేరు మీద కొడుతున్నామన్నదే ముఖ్యం. చాలామంది తొందరలో సొంత జీమెయిల్‌తో రెడ్‌హ్యాట్ అకౌంటు తెరిచి, ఆఫీసు సర్వర్‌ను దాని మీద ఎక్కించేస్తారు. ఆ పూటకు పని గడుస్తుంది. కొన్నాళ్లకు ఆ మనిషికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, వెళ్లిపోతాడు. పాస్‌వర్డ్ ఆయనతోనే పోతుంది, ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతుంది. అనంతపురంలో ఒక చోటికి నన్ను సాయం పిలిచారు. వాళ్లు సబ్‌స్క్రిప్షన్‌కు డబ్బులు కట్టారు, బిల్లు కూడా ఉంది. కానీ కొన్నది పాత ఉద్యోగి అకౌంటు మీద, సర్వర్లు ఎక్కింది కొత్తాయన అకౌంటు మీద. రెన్యువల్ చేసుకోండని వచ్చే మెయిళ్లన్నీ ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉన్నాయి. డబ్బు కట్టీ లాభం లేకపోయింది.

నువ్వు అలా చేయొద్దు. ముందు మీ అకౌంట్స్ సెక్షన్‌లో కొన్న కాగితాలు వెతికించు, ఏ అకౌంటు మీద కొన్నారో తేలుతుంది. తర్వాత పాతాయనకు ఫోన్ చెయ్యి. మొహమాటపడొద్దు. "అన్నా, అకౌంటు కాలేజీ పేరు మీదికి మార్చుకోవాలి, కాస్త సాయం చెయ్యి" అంటే ఎవరూ కాదనరు. ఒక సంస్థ అకౌంటు కింద ఎంతమందికైనా వేరువేరు లాగిన్లు ఇవ్వొచ్చు, అందులో ఒకరిని అడ్మినిస్ట్రేటర్‌గా పెడతారు. ఆ పదవి ఆయన నుంచి మార్పించు. నీ ఒక్కదానికే కాకుండా మీ హెచ్‌ఓడీకి కూడా ఇప్పించు. మెయిల్ ఐడీ ఎవరి సొంతదీ కాకుండా కాలేజీదే అయ్యుండాలి, దాన్ని కనీసం ఇద్దరు తెరిచి చూడగలగాలి. ఈ పనికి వారం పట్టినా పట్టనీ. ఇది తేలకుండా రిజిస్టర్ చేయొద్దని గట్టిగా చెబుతున్నా.

అకౌంటు కుదిరాక సర్వర్ ముందు కూర్చుంటావు కదా, కమాండ్ కంటే ముందు డేట్ అని కొట్టి టైము చూడు. మన వైపు ఎండాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, యూపీఎస్ బ్యాటరీలు కూడా ఉబ్బిపోతాయి. పాత సర్వర్ అయితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు రిజిస్టర్ చేయబోతే సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఎర్రర్ వస్తుంది. చూసినవాళ్లు రెడ్‌హ్యాట్ వైపు ఏదో తేడా ఉందనుకుని రోజంతా తల పట్టుకుంటారు. సర్వర్ దృష్టిలో ఇంకా పాత సంవత్సరమే నడుస్తోంది, సర్టిఫికెట్ మీద కొత్త తేదీ ఉంది, అంతే తేడా. ఆ బ్యాటరీ పేరు సీఆర్ 2032, కర్నూలులో ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. మార్చి, బయోస్‌లో తేదీ సరిచేసి, క్రోనీ సర్వీస్ నడుస్తోందో లేదో చూసుకో. క్రోనీ ఉంటే ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకుంటూ ఉంటుంది.

తర్వాత మీ కాలేజీ ఫైర్‌వాల్. నెట్ వాడాలంటే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుందన్నావు. సర్వర్‌కు బ్రౌజర్ ఉండదు కాబట్టి ఆ పేజీ దగ్గరే ఇరుక్కుపోతుంది. పైగా కొన్ని ఫైర్‌వాల్స్ తమ గుండా వెళ్లే ప్రతి సెక్యూర్ కనెక్షన్‌నూ విప్పి చూసి, తమ సొంత సర్టిఫికెట్ అంటించి పంపుతాయి. సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ దాన్ని ఒప్పుకోదు, రెడ్‌హ్యాట్ సర్టిఫికెట్ తప్ప ఇంకొకటి నమ్మదు. ఫైర్‌వాల్ చూసే అబ్బాయిని అడిగి, సర్వర్ ఐపీకి లాగిన్ లేకుండా, విప్పి చూడకుండా రెండు అడ్రస్‌లకు 443 పోర్టు తెరిపించు. ఒకటి సబ్‌స్క్రిప్షన్ డాట్ ఆర్‌హెచ్‌ఎస్‌ఎమ్ డాట్ రెడ్‌హ్యాట్ డాట్ కామ్, రెండోది సీడీఎన్ డాట్ రెడ్‌హ్యాట్ డాట్ కామ్. మొదటిది పేరు నమోదుకు, రెండోది అప్‌డేట్లు దించుకోవడానికి. ఒకటే తెరిచి రెండోది మర్చిపోతే, రిజిస్టర్ అవుతుంది కానీ అప్‌డేట్ రాదు. మీరు నెట్‌కు ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్ గుండా వెళ్తుంటే, ఆ వివరాలు సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ సెట్టింగ్స్ ఉండే ఆర్‌హెచ్‌ఎస్‌ఎమ్ కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి.

ఇవన్నీ అయ్యాక రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా లాగిన్ అయ్యి, సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ రిజిస్టర్ అని కొట్టు. మొదటి రెండు మాటల మధ్య హైఫన్ ఉంటుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అదే అడుగుతుంది, అప్పుడు ఇవ్వు. పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్లోనే కలిపి రాస్తే అది హిస్టరీలో ఉండిపోతుంది, రేపు ఇంకొకరు బాణం గుర్తు నొక్కితే కనిపిస్తుంది. సర్వర్లు ఎక్కువ ఉంటే యాక్టివేషన్ కీ చేసుకో. అప్పుడు పాస్‌వర్డ్‌తో పనే ఉండదు, సంస్థ నంబరు, కీ పేరు ఇస్తే చాలు. పాత నోట్సుల్లో, వీడియోల్లో దీని తర్వాత అటాచ్ అని ఇంకో మెట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అది అక్కర్లేదు. అలాగని లెక్క లేదనుకోకు. ఎన్ని కొన్నాం, ఎన్ని ఎక్కించాం అన్నది సిస్టం అడ్డుకోదు కాబట్టి మనమే చూసుకోవాలి.

రిజిస్టర్ అయ్యిందని స్క్రీన్ మీద వచ్చింది, లేచి టీకి వెళ్లిపోతారు చాలామంది. పొలం కొని రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టినంత మాత్రాన సరిపోతుందా? పాస్‌బుక్కులో పేరెక్కే దాకా తిరుగుతాం కదా. ఇదీ అంతే. డీఎన్‌ఎఫ్ రిపోలిస్ట్ అని కొట్టు, అప్‌డేట్లు దొరికే భాండారాల జాబితా వస్తుంది. బేస్ ఓఎస్, యాప్ స్ట్రీమ్ అని రెండు కనిపించాలి. అవి కనిపిస్తేనే దారి తెరుచుకున్నట్టు. సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ స్టేటస్ అని కొడితే కొన్ని వెర్షన్లలో డిజేబుల్డ్ అని వస్తుంది, టెన్షన్ పడొద్దు. దాని కిందే, ఈ సిస్టంకు కంటెంట్ అందుతుంది అని రాసి ఉంటుంది, ఆ లైనే చదువుకో.

ఇంకో చిక్కు ఉంది, ఇది తొందరగా దొరకదు. అన్నీ సరిగ్గా ఉంటాయి, అప్‌డేట్ కొడితే మాత్రం చేయడానికి ఏమీ లేదు అని వస్తుంది. ఏళ్ల తరబడి ముట్టుకోని సర్వర్ అలా అందంటే నమ్మొద్దు. సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ రిలీజ్ అని కొట్టి చూడు. పాతాయన దాన్ని 8.4 దగ్గరో ఇంకోచోటో కట్టేసి ఉండొచ్చు. అలా కట్టేస్తే అక్కడి నుంచి ముందుకు కదలదు. అన్‌సెట్ చేస్తే విడుదలవుతుంది. కానీ ఊరికే కట్టేసి ఉండడు. మీ ఫీజుల సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ వెర్షన్‌లోనే పనిచేస్తుందని చెప్పి ఉండొచ్చు. విప్పే ముందు వాళ్లకొక మాట అడుగు.

మొదటి అప్‌డేట్‌కు వందల ప్యాకేజీలు బారులు తీరుతాయి. పరీక్షల ముందో, ఫలితాలు ఇచ్చే వారంలోనో పెట్టుకోవద్దు. శనివారం సాయంత్రం చూసుకో. పూర్తి బ్యాకప్ తీసి, అది వేరే డిస్కులో ఉందని కళ్లతో చూసి, అప్పుడు మొదలుపెట్టు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మారితే రీబూట్ తప్పదు. రీబూట్ చేయకపోతే కొత్తది డిస్కులో ఉన్నా నడిచేది పాతదే. రీబూట్ అయ్యాక మార్కుల పేజీ తెరిచి, ఒక ఫీజు రసీదు తీయించి చూడు.

మీ దగ్గర వర్చువల్ మెషిన్లు, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు ఉన్నాయన్నావు కదా. ఒకదాన్ని రిజిస్టర్ చేశాక కాపీ తీసి ఇంకోటి చేస్తే, రెండింటికీ ఒకటే గుర్తింపు ఉంటుంది. అప్పుడు ఏది ఏదో అకౌంటుకు తెలియదు. కాపీలో సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ క్లీన్ అని కొట్టి మళ్లీ కొత్తగా రిజిస్టర్ చెయ్యి. ఏ సర్వర్‌నైనా స్క్రాప్‌కు పంపే ముందు అన్‌రిజిస్టర్ చెయ్యి. ఇప్పటికే పోయినవి ఉంటే వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి వాటి పేర్లు తీసేయ్. లేకపోతే రెన్యువల్ టైములో, లేని సిస్టంలకు కూడా డబ్బు కట్టాలేమో అని అకౌంట్స్ వాళ్లు నిన్ను పట్టుకుంటారు. సర్వర్ పేరు, అకౌంటు నంబరు, రిజిస్టర్ చేసిన తేదీ, రెన్యువల్ తేదీ ఒక నోటుబుక్కులో రాసి హెచ్‌ఓడీ బీరువాలో పెట్టించు. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయొద్దు.

చేయి తిరగాలంటే ఇంట్లో నీ ల్యాప్‌టాప్‌లో ముందు చేసి చూడు. రెడ్‌హ్యాట్ వాళ్లు వ్యక్తుల కోసం ఇచ్చే డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితం, 16 సిస్టంల దాకా ఎక్కించుకోవచ్చు, ఏడాదికోసారి పొడిగించుకోవాలి. అది నీ పేరు మీదే ఉంటుంది కాబట్టి కాలేజీ సర్వర్‌కు వాడకు. పాడైనా పరవాలేదనుకునే వర్చువల్ మెషిన్ మీద రిజిస్టర్ చెయ్యి, అన్‌రిజిస్టర్ చెయ్యి, తేదీ కావాలని వెనక్కి పెట్టి ఏ ఎర్రర్ వస్తుందో చూడు.

ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లో ఎల్‌టీఎస్ వెర్షన్ అయితే మొదటి ఐదేళ్లు రిజిస్ట్రేషన్ లేకుండానే అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత ఉబుంటు ప్రోకు ఎక్కించాలి. సొంతానికైతే ఐదు కంప్యూటర్ల దాకా ఉచితం.

మీ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో విండోస్ 10 ఉంటే 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పు. విద్యాసంస్థలకు పొడిగింపు చవకే, ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 1 డాలర్, తర్వాత 2, ఆ తర్వాత 4. ఇంట్లో మీ నాయన వాడే పాత కంప్యూటర్ కూడా అదే కదా. వెర్షన్ 22హెచ్2 ఉందో లేదో చూసి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమని లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మీ నాయన ఓటీపీ చెప్పడానికి భయపడతాడు, పక్కన కూర్చుని నువ్వే చెయ్యి.

రిజిస్టర్ చేసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే, వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆర్‌హెచ్‌ఎస్‌ఎమ్, అందులో ఆర్‌హెచ్‌ఎస్‌ఎమ్ డాట్ లాగ్ అని ఫైలు ఉంటుంది. దాని చివరి ఇరవై లైన్లు, డేట్ కమాండ్ చూపించిన టైము, రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. పాస్‌వర్డ్ ఎక్కడా కనిపించకుండా చూసుకో. రాత్రి ఎంత ఆలస్యమైనా చూస్తాను.

మీ పెద్దనాయన